వాక్యూమ్ క్లీనర్ లాగుడు తగ్గిందా? బకెట్ నీళ్లతో కొలిచి చూడండి

మార్గశిరం వస్తే మా ఒడిశా రాయగడలో బుధవారం సాయంత్రం ఏ ఇంట చూసినా దులపడం, కడగడమే. తెల్లారితే లక్ష్మివారం. ఒడియావాళ్లు మాణబసా గురుబారం అంటారు, మనం మార్గశిర లక్ష్మివారం అంటాం. పేరేదైనా, ఇల్లు మురికిగా ఉంటే అమ్మవారు గడప దాటదన్న భయం అందరికీ ఒకటే. పక్కింటివాళ్లు నానబెట్టిన బియ్యం రుబ్బి ఆ పిండితో ఝోటి వేస్తారు. మా ఇంట్లో పొడి ముగ్గు. ఆ పొడి ముగ్గే రెండేళ్ల కిందట మా వాక్యూమ్ క్లీనర్ ప్రాణం మీదికి తెచ్చింది.

గడపలో చెదిరిన ముగ్గును చీపురుతో ఎత్తడానికి బద్ధకించి మెషిన్ పెట్టి లాగేశాను. వరసగా రెండు వారాలు అదే పని. మూడో వారానికి సోఫా కింద వెంట్రుక కూడా లేవలేదు. పట్టుకెళ్లి ఒక షాపులో చూపిస్తే, ఆయన హోస్ మూతికి అరచెయ్యి అడ్డం పెట్టి, "ఇంత గట్టిగా లాగుతోంది కదండీ, ఇంకేం కావాలి?" అని పంపేశాడు. ఇంకో షాపాయన చెయ్యి కూడా పెట్టలేదు. శబ్దం విని, "మోటారు వీకైపోయింది, మార్చాలి" అన్నాడు. ఇద్దరూ కొలవలేదు. నేనూ కొలవలేదు కాబట్టి వాదించడానికి నాకు నోరు లేదు.

ఇంటికొచ్చి, తాపీ మేస్త్రి దగ్గర దొరికే ట్యూబుతో, బకెట్ నీళ్లతో కొలిచాను. ఎలా కొలవాలో, వచ్చిన అంకెలు ఏం చెబుతాయో ఇక్కడ రాస్తున్నాను. మీ మెషిన్ బాగున్న రోజునే ఒకసారి కొలిచి పెట్టుకుంటే ఇంకా మంచిది. నాకు ఆ బుద్ధి ఆలస్యంగా వచ్చింది.

అరచెయ్యి ఎందుకు మోసం చేస్తుందంటే

కుళాయిని సగమే తిప్పి, మూతికి బొటనవేలు గట్టిగా అదిమి చూడండి. పూర్తిగా తిప్పినప్పుడు వేలిని ఎంత బలంగా తోస్తుందో ఇప్పుడూ అంతే బలంగా తోస్తుంది. వేలు తీసేస్తే మాత్రం బిందె నిండడానికి ఎక్కువసేపు పడుతుంది. వాక్యూమ్ క్లీనర్‌లోనూ అంతే. ఫిల్టర్ సగం పూడిపోయినా, హోస్ మూతి మూసేస్తే లాగుడు దాదాపు పూర్తిగా ఉంటుంది. గాలి కదలనప్పుడు ఫిల్టర్ దేన్నీ అడ్డుకోదు మరి. మూతి తెరిచి గాలి పారడం మొదలయ్యాకే అడ్డంకి బయటపడుతుంది.

కాబట్టి "సక్షన్ పోయింది" అనే ఒక్క మాట వెనక రెండు వేర్వేరు సంగతులు ఉన్నాయి. ఒకటి, మూతి పూర్తిగా మూసినప్పుడు ఎంత బలంగా లాగుతోంది. దీన్ని మూసిన లాగుడు అందాం. రెండోది, మూతి తెరిచినప్పుడు సెకనుకు ఎన్ని లీటర్ల గాలి పారుతోంది. దుమ్మును నేల మీంచి లేపి సంచి దాకా మోసుకెళ్లేది పారే గాలి. ఆ గాలిని తివాచీ పోగుల్లోంచి, సన్నటి పైపులోంచి గుంజేది లాగుడు. ఈ రెండూ గుణిస్తే వచ్చేదే ఎయిర్ వాట్లు, అంటే గాలి చేసే అసలు పని. మూతి మూస్తే పారుదల సున్నా, బార్లా తెరిస్తే లాగుడు దాదాపు సున్నా. రెండు కొసల్లోనూ గుణకారం సున్నాకే దిగుతుంది. అసలు పని నడుమ ఎక్కడో జరుగుతుంది. నేల మీద నాజిల్ ఉన్నప్పుడు మెషిన్ ఉండేది కూడా ఆ నడుమే.

అట్టపెట్టె మీద రాసే 1400 వాట్లు, 1600 వాట్లు మెషిన్ తాగే కరెంటు లెక్క. అది లాగుడు లెక్క కాదు. యూరప్‌లో 2017 సెప్టెంబరు నుంచి 900 వాట్లు దాటిన ఇంటి వాక్యూమ్ క్లీనర్లను మార్కెట్లోకి రానివ్వడం లేదు. అయినా అక్కడి ఇళ్లలో దుమ్మేమీ పేరుకుపోలేదు. పెట్టె మీద కిలోపాస్కల్‌లో అంకె ఉంటే అది సాధారణంగా మూసిన లాగుడు. ఇంటి మెషిన్లకు 15 నుంచి 25 కిలోపాస్కల్ దాకా ఉంటుంది. ఒక కిలోపాస్కల్ అంటే సుమారు 10 సెంటీమీటర్ల నీటి ఎత్తు. అంటే 20 కిలోపాస్కల్ మెషిన్ నీళ్లను రెండు మీటర్లకు పైగా ఎత్తి నిలబెట్టాలి. మనం కొలవబోయేది ఆ ఎత్తునే.

కావలసిన సామాను

75 మిల్లీమీటర్ల పీవీసీ పైపు ఒక అడుగు ముక్క. హార్డ్‌వేర్ షాపులో రెండున్నర అంగుళాల పైపు అని అడగండి. ఆ సైజుకే రెండు ఎండ్ క్యాపులు, హోస్ సైజుకు దింపే రెడ్యూసర్ ఒకటి. పాత సైకిల్ ట్యూబు ముక్క, ఎం-సీల్, గజం టేపు, బకెట్, బట్టలకు వేసే నీలం. ఇంకా 5 మీటర్ల లెవెల్ ట్యూబు, అంటే గోడకు మట్టం చూడ్డానికి మేస్త్రులు నీళ్లు నింపి పట్టుకునే పారదర్శకమైన గొట్టం.

ఆ గొట్టం నేను కొనలేదు. వెనక వీధిలో గోడ కడుతున్న మేస్త్రిని అడిగాను.

"ఏటి బాబూ, ఇంటికి మట్టం చూస్తారా?"

"ఇంటికి కాదు మేస్త్రీ, చీపురు మెషిన్‌కి."

ఆయన నవ్వి, గొట్టంలో నీళ్లు ఒంపేసి, చుట్ట చుట్టి చేతిలో పెట్టాడు. "సాయంత్రంలోపు తెచ్చీండి, రేపు పనుంది."

పైపు ముక్క నడుమ పక్కవైపు గొట్టం బిగుతుగా దూరేంత బెజ్జం వేయండి. గొట్టం కొస లోపలికి పొడుచుకు రాకుండా గోడ వరకే ఆపి, చుట్టూ ఎం-సీల్ పెట్టండి. పొడుచుకొస్తే గాలి దాని మూతి మీంచి దూసుకెళ్లి అంకె తప్పు చూపిస్తుంది. పైపుకు ఒక కొసన రెడ్యూసర్ అతికించండి. రెండో కొస వదులుగా ఉంచి, క్యాపులు మార్చుకోవాలి. ఒక క్యాపు అలాగే ఉంచండి. రెండోదానికి సరిగ్గా మధ్యలో 20 మిల్లీమీటర్ల బెజ్జం వేయించండి. వడ్రంగి దగ్గర డ్రిల్లుకు పెట్టే గుండ్రటి రంపం ఉంటుంది, రెండు నిమిషాల పని. బెజ్జం అంచు గీరుకుపోకుండా పదునుగా ఉండాలి. అక్కడ ఒక మిల్లీమీటరు తేడా వస్తే పారుదల లెక్క పది శాతం మారిపోతుంది.

మేడ మీద మెషిన్, కింద బకెట్

నీలం కలిపిన నీళ్ల బకెట్ కింద పెట్టండి. గొట్టం ఒక కొస అందులో ముంచి, మిగతాది మేడమెట్ల పక్కన గోడ వెంట నిలువుగా పైకి తీసుకెళ్లండి. పైన మెషిన్, పైపు ముక్క. గొట్టం పక్కనే గజం టేపు సున్నా నీటి మట్టానికి వచ్చేలా అంటించండి. నీటి మట్టం నుంచి పైపు ముక్క దాకా కనీసం 3 మీటర్ల పైన ఎత్తుండాలి, మూడున్నర ఉంటే నిశ్చింత. ఎత్తు చాలకపోతే నీళ్లు నేరుగా మోటారులోకి పోతాయి. పొడి దుమ్ము మెషిన్‌లో నీళ్లు పడితే షాక్ కొట్టే ప్రమాదం. ఈ ఒక్కచోట సర్దుకుపోవద్దు. మధ్యలో నీళ్లు ఆపడానికి ఖాళీ మినరల్ వాటర్ సీసా పెడితే సరిపోతుందని నేనూ అనుకున్నాను. మెషిన్ వేసిన రెండో సెకనులో అది అప్పడంలా నలిగిపోయింది. పెట్టాలనుకుంటే గాజు సీసా పెట్టండి.

మేడ లేనివాళ్లు గొట్టాన్ని గోడ మీద ఇంగ్లీషు యూ అక్షరంలా వేలాడదీసి, సగం దాకా నీళ్లు నింపుకోవచ్చు. ఒక పక్క మీటరు దిగితే రెండో పక్క మీటరు లేస్తుంది. రెండు మట్టాల మధ్య తేడాయే లాగుడు. రెండున్నర మీటర్ల గోడ ఉంటే చాలు.

కొలిచే ముందు మూడు సంగతులు చూడండి. హ్యాండిల్ దగ్గర గాలి వదిలే చిన్న జారుడు కిటికీ ఉంటుంది, పరదాలు శుభ్రం చేసేటప్పుడు తెరిచేది. అది మూసి ఉందా? నన్నడిగితే సక్షన్ ఫిర్యాదుల్లో సగం ఆ కిటికీతోనే తీరిపోతాయి. దుమ్ము సంచి ఖాళీ చేశారా? హోస్‌లో ఒక గోలీ వేసి ఈ కొస నుంచి ఆ కొసకు దొర్లించండి. ఆగిందంటే అక్కడే ఏదో అడ్డుంది.

ఇప్పుడు పైపు ముక్కకు బెజ్జం లేని క్యాపు బిగించి, రెడ్యూసర్‌ను హోస్ మూతికి తొడిగి, కీలు చుట్టూ సైకిల్ ట్యూబు సాగదీసి చుట్టండి. మెషిన్‌ను ముందు రెండు మూడు నిమిషాలు మామూలుగా తిరగనిచ్చి, ఆ తర్వాత ఇది తొడగండి. నీళ్లు గొట్టంలో ఒక్కసారిగా ఎగిరి, కొంచెం దిగి, నిలుస్తాయి. మా మేనల్లుడు మెట్ల మీద నించుని అరుస్తున్నాడు: "మావయ్యా, రెండొందల పది... కాదు కాదు, దిగింది, రెండొందల ఒకటి!" ఎగిరినప్పటి అంకె వద్దు. నిలిచినప్పటిది రాసుకోండి. నాలుగైదు సెకన్లు చాలు.

పది సెకన్లు దాటనివ్వకండి. మూతి మూస్తే మోటారు శబ్దం కీచుగా మారుతుంది. భారం ఎక్కువై గింజుకుంటోందని చాలామంది అనుకుంటారు. నిజానికి అప్పుడు మోసే గాలి లేదు కాబట్టి భారం తగ్గి మోటారు ఇంకా వేగంగా తిరుగుతుంది, కరెంటు కూడా తక్కువే తాగుతుంది. మరి ప్రమాదం ఎక్కడంటే, ఎక్కువ మెషిన్లలో మోటారును చల్లబరిచేది కూడా ఆ పారే గాలే. అది ఆగిపోతే లోపల వేడి పేరుకుంటుంది. కొన్ని మెషిన్లకు ఇలాంటప్పుడు తనంతట తనే తెరుచుకునే వాల్వు ఉంటుంది. మీ మెషిన్‌లో అది తెరుచుకుని బుసలు కొడితే, మూసిన లాగుడు ఆ వాల్వు దగ్గరే ఆగిపోతుంది. అలాంటప్పుడు రెండో కొలతనే నమ్మండి.

20 మిల్లీమీటర్ల బెజ్జం

నాకు అన్నిటికన్నా నచ్చిన కొలత ఇది. బెజ్జం ఉన్న క్యాపు బిగించి మళ్లీ నడపండి. ఇప్పుడు కొంత గాలి పారుతుంది, కొంత లాగుడు నిలుస్తుంది. నేల మీద నాజిల్ పెట్టినప్పటి పరిస్థితికి ఇది దగ్గర. ప్రయోగశాలల్లోనూ ఈ దారినే వెళతారు, రకరకాల సైజుల బెజ్జాలున్న పళ్లేలు మార్చి మార్చి ఒక్కోదాని దగ్గర లాగుడు చూస్తారు. మనకు ఒక్క బెజ్జం చాలు.

నీటి ఎత్తు సెంటీమీటర్లలో చూసి, దాని వర్గమూలాన్ని 2.4తో గుణించండి. సెకనుకు ఎన్ని లీటర్ల గాలి పారుతోందో వస్తుంది. ఎత్తు 64 అయితే వర్గమూలం 8, గాలి 19 లీటర్ల పైచిలుకు. ఈ 2.4 అంకె 20 మిల్లీమీటర్ల పదునంచు బెజ్జానికే పనికొస్తుంది. ఆ పారుదలను మళ్లీ నీటి ఎత్తుతో గుణించి 10తో భాగిస్తే దాదాపుగా ఎయిర్ వాట్లు.

ముగ్గు తిన్న నా మెషిన్ లెక్క చూడండి. మూసిన లాగుడు 201 సెంటీమీటర్లు. మొదటి షాపాయన అరచేతికి తెలిసింది ఇదే, ఆయన అబద్ధమేమీ చెప్పలేదు. బెజ్జం క్యాపుతో 34. అంటే సెకనుకు 14 లీటర్లు, 47 ఎయిర్ వాట్లు. తర్వాత కొత్త ఫిల్టర్ వేశాక మూసిన లాగుడు 205, బెజ్జం క్యాపుతో 74. అంటే 20 లీటర్ల పైన, సుమారు 150 ఎయిర్ వాట్లు. మూసిన లాగుడులో తేడా నాలుగు సెంటీమీటర్లే, ఆ నాలుగూ ఆ రోజు వోల్టేజీ తేడా. చేసే పని మాత్రం మూడింట ఒక వంతుకు పడిపోయి ఉంది. మోటారు మార్చి ఉంటే డబ్బు పోయేది, 34 మాత్రం 34గానే ఉండేది.

కొత్త ఫిల్టర్‌కు ముందు పాతది కడిగి చూశాను. అదొక పొరపాటు. సన్నటి ముగ్గు పొడికి నీళ్లు తగిలేసరికి ముద్దయి ఫిల్టర్ మడతల్లో గట్టిపడింది. కడిగాక కూడా 58 దాటలేదు. మీ ఫిల్టర్ కడగదగ్గదే అయినా, ముందు పొడిగా ఉండగానే డాబా మీద బ్రష్‌తో, తట్టుడుతో దులపగలిగినంత దులిపి, ఆ తర్వాతే కుళాయి కింద పెట్టండి. నీడలో ఒక పూర్తి రోజు ఆరనివ్వండి. తడి ఫిల్టర్‌తో మెషిన్ వేస్తే మళ్లీ ముద్దే.

తెరిచిన మూతి: సంచీ, గడియారం

మెట్లు, బకెట్లు వద్దనుకునేవాళ్లు పారుదల ఒక్కటీ ఇలా కొలవొచ్చు. పాలిథిన్ కొట్లలో రెండు వైపులా తెరిచి ఉండే గొట్టం లాంటి కవరు తూకానికి అమ్ముతారు. పరిచినప్పుడు 60 సెంటీమీటర్ల వెడల్పు ఉండేది రెండు మీటర్లు తీసుకోండి. గాలి నింపితే అడ్డంగా సుమారు 38 సెంటీమీటర్ల స్తంభమవుతుంది. రెండు కొసలూ ముడిచి కట్టగా మిగిలే పొడవు 1.8 మీటర్లు అనుకుంటే, లోపల పట్టేది దాదాపు 206 లీటర్లు.

ఒక కొస కట్టేసి, రెండో కొసను వేరే పైపు ముక్క చుట్టూ బిగించండి. పైపు సంచీలోకి జానెడు పొడవు వెళ్లాలి, ఆ జానెడుకూ చుట్టూ బెజ్జాలుండాలి, బోరు కేసింగు పైపుకు పెట్టినట్టు. మొదటిసారి నేను బెజ్జాలు పెట్టలేదు. మెషిన్ వేసిన రెండో సెకనుకే సంచీ గోడ వచ్చి పైపు మూతికి అతుక్కుపోయింది, లోపలి గాలి లోపలే ఉంది. ముందు సంచీని గాలితో నింపి, మెషిన్ వేసి, హోస్ మూతిని పైపులోకి తోయండి. ఫోన్‌లో వీడియో తీయండి. సంచీ ఖాళీ అయిన క్షణాన మోటారు గొంతు కీచుమంటుంది, ఆ శబ్దం దగ్గర ఆపి సెకన్లు లెక్కపెట్టండి. పూడిన ఫిల్టర్‌తో నాకు 12 సెకన్లు పట్టింది, అంటే సెకనుకు 17 లీటర్లు. కొత్త ఫిల్టర్‌తో ఆరున్నర సెకన్లు, 32 లీటర్లు. మూడుసార్లు చేసి మధ్య అంకె తీసుకోండి.

రెక్కలు తిరిగే గాలివేగం మీటరు, అంటే అనిమామీటర్, ఉన్నవాళ్లకు ఇంకా సులువు. అడుగు పైపు ముక్కకు క్యాపు తీసేసి, మూతి దగ్గర మీటరు పట్టండి. పైపు లోపలి అడ్డకొలత 70 మిల్లీమీటర్లయితే, సెకనుకు ఒక్కో మీటరు వేగానికి 3.85 లీటర్లు. నేరుగా హోస్ మూతి దగ్గర పెట్టకండి, అక్కడ వేగం చిన్న మీటర్లు చూపించగలిగే హద్దు దాటుతుంది. చాలా మెషిన్లలో గాలి ఊదే మూతి కూడా ఉంటుంది, అక్కడ కొలవడం తేలికనిపిస్తుంది. హోస్ చిరిగి దారిలో గాలి పీలుస్తున్నా అక్కడ పారుదల తగ్గినట్టు కనబడదు, కాబట్టి ఆ మూతిని వదిలేయండి.

ఎక్కడ పోతోందో వెతకడం

అంకె తగ్గిందని తెలిశాక, మెషిన్ నుంచి బయటికి ఒక్కో మెట్టు నడవండి. ముందు హోస్ పీకేసి, మెషిన్ ఒంటికే పైపు ముక్క ఆనించి మూసిన లాగుడు చూడండి. తర్వాత హోస్ కొసన, ఆ తర్వాత ఇనుప గొట్టం కొసన.

మెషిన్ ఒంటి దగ్గర 205, హోస్ కొసన 203, గొట్టం కొసన 160 అనుకోండి. లోపం గొట్టంలో ఉంది. నాకు సరిగ్గా ఇదే వచ్చింది, ఫిల్టర్ మార్చిన ఆరు నెలలకు. పొడవు మార్చుకునే కీలు దగ్గర సన్నటి పగులు. కనబడదు, చెవికి వినబడదు. మూతి మూసి ఉంచి, అగరబత్తి పొగను గొట్టం పక్కగా నెమ్మదిగా నడిపిస్తే, ఆ కీలు దగ్గర పొగ వంగి లోపలికి పోయింది. నిప్పు దగ్గరికి పోనివ్వకండి, పొగ ఒక్కటే చాలు. దుమ్ము సంచిలోకి నిప్పురవ్వ వెళితే ఇల్లు కాలుతుంది. పగులు మీద ఇన్సులేషన్ టేపు నాలుగు చుట్లు వేస్తే 198కి వచ్చింది. ఇప్పటికీ ఆ టేపే.

మూసిన లాగుడు అన్నిచోట్లా బాగుండి, బెజ్జం క్యాపు అంకె మాత్రం పడిపోతే అది పూడిక. సంచి, ఫిల్టర్, హోస్ ఈ మూడింట్లో ఎక్కడో. ఫిల్టర్ తీసేసి ఐదు సెకన్లు నడిపి చూస్తే తేలిపోతుంది. అంతకన్నా ఎక్కువ నడపకండి, దుమ్మంతా మోటారులోకి పోతుంది. ఇక మెషిన్ ఒంటి దగ్గరే మూసిన లాగుడు తక్కువుంటే, ముందు దుమ్ము డబ్బా మూత చుట్టూ ఉండే రబ్బరు చూడండి. అక్కడ ఒక వెంట్రుకో పుల్లో ఇరుక్కున్నా గాలి దూరుతుంది. రబ్బరు బాగుంటే అప్పుడు కార్బన్ బ్రష్‌లు, అంటే తిరిగే మోటారుకు రాసుకుంటూ కరెంటు అందించే ముక్కలు. అరిగిపోతే మోటారు దగ్గర నిప్పురవ్వలు ఎక్కువవుతాయి, కమురు వాసన వస్తుంది. మోటారు మీద అనుమానం అన్నిటికన్నా చివర.

హోస్ మార్చాల్సి వస్తే సైజు తగ్గించకండి. అన్ని చోట్లా విడి హోసులు దొరకవు, మేము విజయనగరం వెళ్లినప్పుడు తెచ్చుకుంటాం. షాపువాడు "ఇదీ పడుతుంది సార్" అని 35 మిల్లీమీటర్ల దాని బదులు 32 ఇస్తే, అదే గాలి పారడానికి హోస్‌లో పోయే లాగుడు దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. చూపుకు తేడా మూడు మిల్లీమీటర్లే.

అంకె పక్కన రాయాల్సినవి

ప్రతి కొలత పక్కన వోల్టేజీ రాయండి. స్టెబిలైజర్ మీద చూపించే అంకె చాలు, మల్టీమీటర్ ఉంటే మరీ మంచిది. ఈ మోటార్లకు వోల్టేజీ ఎంత పాళ్లలో తగ్గితే లాగుడూ దాదాపు అదే పాళ్లలో తగ్గుతుంది. సాయంత్రం ఇంటింటా మోటార్లు, ఏసీలు వేసినప్పుడు 230 కాస్తా 190కి దిగిందంటే 205 అంకె 170 దగ్గరికి వస్తుంది, మెషిన్‌లో ఏ లోపమూ లేకుండానే. నేను కొలిచేది పొద్దున పదకొండు గంటలకు. మొదట 201 వచ్చిన రోజు 225 వోల్టులు, 205 వచ్చిన రోజు 229.

ఊరు కూడా రాయండి. మా పిన్నివాళ్లు కొరాపుట్‌లో ఉంటారు, సముద్రమట్టానికి సుమారు 870 మీటర్లు. మా రాయగడ 200 చిల్లర. పండక్కి వెళుతూ మెషిన్, పైపు ముక్క, అన్నీ కారులో పడేసుకెళ్లాను. మా ఆవిడ ఏమందో ఇక్కడ రాయను. అదే మెషిన్, అదే గొట్టం, 229 వోల్టులు. వచ్చింది 198. అక్కడి గాలి మా ఊరి గాలి కన్నా ఆరు శాతం పలచన. పలచటి గాలిలో మోటారు కాస్త వేగం పుంజుకుని కొంత సర్దుకుంటుంది, పూర్తిగా కాదు. కాబట్టి కొండ మీద ఉన్నవాళ్లు సముద్రం పక్క బరంపురం బంధువుల అంకెతో పోల్చుకుని మెషిన్‌ను షాపుకు మోయకండి. నిరుడు మీ ఇంట్లో వచ్చిన అంకెతోనే పోల్చండి.

నా మెషిన్ మూత లోపలివైపు ఒక చీటీ అంటించి ఉంది: 205, 74, 32, 229 వోల్టులు, రాయగడ. మూడు నెలలకొకసారి బెజ్జం క్యాపు ఒక్కటీ పెట్టి చూస్తాను, పది నిమిషాల పని. 74 కాస్తా 60కి దిగితే ఫిల్టర్ దులుపుతాను. దులిపినా 65 దాటకపోతే కొత్తది తెప్పిస్తాను. కార్డ్‌లెస్ మెషిన్ వాడేవాళ్లు వోల్టేజీ బదులు బ్యాటరీ ఎంత ఉందో రాసుకుని, ఎప్పుడూ నిండుగా చార్జ్ చేశాకే కొలవాలి. వాటి మూసిన లాగుడుకూ ఇదే గొట్టం. పారుదల తక్కువ కాబట్టి సంచీ చిన్నది కట్టుకోండి.

పని అయ్యాక గొట్టంలో నాలుగైదు చెంబుల మంచినీళ్లు పోసి నీలం పోయేదాకా కడగండి. ఆరిపోయిన నీలం గోడలకు పట్టుకుంటే తర్వాత నీటి మట్టం కనబడదు. ఆ సాయంత్రం నేను కడక్కుండానే తిరిగిచ్చేస్తే, మేస్త్రి గొట్టాన్ని ఎండకు ఎత్తి చూసి, "బాబూ, ఇది మీరే ఉంచీసుకోండి, నాకు కొత్తది కొనియ్యండి" అన్నాడు.